పదమూడు దగ్గర ఎర్రచుక్క

మార్చి 4

ఒరేయ్ షార్టూ,

ఇస్త్రీపెట్టె బాగుచేస్తానని మొదటిసారి మా ఇంటికొచ్చి వీధి వీధంతా చీకటి చేసినందుకు మీ అక్క పెట్టిన పేరు ఇది. ఆ పేరుతో పిలిచేవాణ్ని ఇప్పుడు నేనొక్కణ్నే మిగిలాను. వాడకపోతే తుప్పు పడుతుందని వాడుతున్నాను.

నాలుగు నెలల తర్వాత రాస్తున్నానని తిట్టుకుంటావు. తిట్టుకో, కానీ ముందు ఈ మాట విను. విమానం పూర్తయింది.

పదకొండేళ్లు పట్టింది. షెడ్డులో మొదటి చెక్క కోసిన రోజున, "బావా, ఇది ఎగిరేలోపు నీకే రెక్కలొస్తాయి" అన్నావు. చెక్క నాది, గుడ్డ మీ అక్కది, కరెంటు నీది అని ముగ్గురం పని పంచుకున్నాం. మీ పనులు ముగించుకుని మీరిద్దరూ చెరో దారినా పోయారు. చివరి ఏడాదంతా నేనొక్కణ్నే గరుకు కాగితం పట్టుకుని రుద్దుతూ కూర్చున్నాను.

పోయిన వారం తనిఖీ అధికారి వచ్చాడు. మనిషి పొడుగు, మాట పొట్టి. లోపలి అతుకులు వదిలాయేమోనని ఒక నాణెంతో రెక్క పొడుగునా కొట్టి విన్నాడు. ఇంజిన్ వేయించి చూశాడు. సీట్ల నడుము పట్టీలు రెండూ గట్టిగా లాగి చూశాడు. రెక్క మీద గుడ్డ కుట్టు దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాడు. ఇంత సమంగా కుట్టిన దర్జీ ఎవరని అడిగాడు. మా ఆవిడ అన్నాను. ఆమెతో ఒకసారి మాట్లాడొచ్చా అన్నాడు. కుదరదన్నాను. ఆయన సంతకం పెట్టి వెళ్లాడు.

అన్నట్టు, మీటర్ల పక్కన నువ్వు బిగించిన ఆ ఎర్రదీపం నాకు చెవిలో జోరీగైపోయింది. స్విచ్ వేస్తే చాలు, వెలగడం, ఆరడం, వెలగడం, ఆరడం. కుదురుగా కూర్చోనిచ్చేది కాదు. మొన్న దాని నోరు మూయించాను. ఇప్పుడు బుద్ధిగా ఉంటోంది.

ఏప్రిల్ రెండున ఎగరేస్తాను. మొదటిసారి నడిపేవాడు ఒక్కడే ఎక్కాలని రూలు. అందుకని నువ్వు పని మానుకుని అంతదూరం నుంచి రానక్కర్లేదు. ఫోన్ తీయించేశాను. మోగితే పరామర్శ, మోగకపోతే అదొక బాధ. ఏమైనా ఉంటే ఉత్తరం రాయి.

నేను బాగానే ఉన్నాను.

బావ


మార్చి 12

గౌరవనీయులైన బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. విమానం పూర్తయినందుకు సంతోషం. నన్ను రానక్కర్లేదన్నారు, అందుకూ సంతోషం. ఆ వైరింగుకి తొమ్మిదేళ్లు ఆదివారాలన్నీ పోసినవాణ్ని, కనీసం నేల మీద నిలబడి చెయ్యి ఊపడానికైనా పనికొస్తాననుకున్నాను. పిలవని పేరంటానికి రావడం నాకూ ఇష్టం లేదు.

ఇక్కడ సంగతులు అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. ఈ పవర్‌హౌస్ కొండ కడుపులో ఉంటుంది. నా ముందు గోడంత ప్యానెల్, దాని మీద అరవై నాలుగు దీపాలు. అన్నీ పచ్చగా ఉన్నాయని గంటకోసారి పుస్తకంలో రాయడం నా ఉద్యోగం. ఎనిమిది గంటల డ్యూటీలో నాతో మాట్లాడేది నా తర్వాత ఎక్కే ఆపరేటరు ఒక్కడే. వాడూ "అన్నీ పచ్చేనా" అంటాడు, నేను "పచ్చే" అంటాను. క్వార్టర్సులో ఒక గది, ఒక మంచం, ఒక కుర్చీ. రెండో కుర్చీ ఇవ్వమని స్టోర్లో అడిగితే గుమాస్తా ఎవరొస్తారని అడిగాడు. వద్దులెండి అని వచ్చేశాను.

ఇక దీపం సంగతి. నోరు మూయించాను అంటే నాకు అర్థం కాలేదు. ఇంజిన్ ఆపి ఉండగా స్విచ్ వేస్తే అది వెలిగి ఆరుతూనే ఉండాలి. ఇంజిన్ నడిచాకే పూర్తిగా ఆరిపోవాలి. అలా లేదంటే ఏదో తేడా జరిగింది. వెనక వైపున్న చిన్న స్క్రూ ఏమైనా కదిపారా? ఇంజిన్ ఆపినప్పుడు వోల్టు మీటరు ఎంత చూపిస్తోందో, నడిపినప్పుడు ఎంత చూపిస్తోందో, దీపం ఎంత దగ్గర వెలుగుతోందో దయచేసి రాసి పంపండి.

భవదీయుడు,
మీ బావమరిది


మార్చి 19

ఏరా షార్టూ,

నన్ను మీరు, దయచేసి అన్నావంటే నీకు ఒళ్లు మండిందన్నమాట. తొమ్మిదేళ్లు షెడ్డులో ఏరా అంటే ఏరా అనుకున్నవాళ్లం. ఎందుకు మండిందో మాత్రం నాకు తెలియదు. పాపం ఉద్యోగం చేసుకుంటున్నాడు, శ్రమ పెట్టడమెందుకని రానక్కర్లేదన్నాను. మంచికి పోతే చెడు ఎదురైంది.

నువ్వడిగిన లెక్కలు. ఇంజిన్ ఆపితే పన్నెండున్నర. నడిపితే పద్నాలుగు. స్క్రూ కదిపాను, దాచేదేముంది. దీపం ఇప్పుడు పదకొండు దగ్గర వెలుగుతుంది. నేను వడ్రంగినే కానీ మరీ అంత తెలివితక్కువవాణ్ని కాను. బ్యాటరీ పన్నెండున్నర చూపిస్తోందంటే నిండుగా ఉన్నట్టే కదా. నిండుకుండ తొణకదంటారు, నీ దీపమేమో కుండ నిండుగా ఉన్నా ఏడుపు మొదలెడుతుంది. కడుపు నిండా ఉన్నవాడు ఆకలి ఆకలి అని అరిస్తే వినేవాడికి ఎలా ఉంటుంది? ఖాళీ అయ్యేముందు చెబితే చాలదా? అందుకే పదకొండు దగ్గరికి దించాను.

అంతమాత్రానికే అంత పెద్ద ఉత్తరం రాశావు. ఒక దీపం కోసం ఇంత కంగారుపడేవాడివి, కంగారుపడాల్సిన రోజున మూడో రోజుకి వచ్చావు.

ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. సిరాతో రాశాను కాబట్టి ఉండనీ.

గాలి అనుకూలిస్తే రెండో తేదీ పొద్దున తొమ్మిదికి.

బావ


మార్చి 25

బావా,

ఎగరొద్దు. మిగతాది తర్వాత చదువు, ముందు ఈ మాట చదువు. స్క్రూ మళ్లీ పదమూడుకి తిప్పేదాకా ఎగరొద్దు.

ఈ ఉత్తరం రెండో తేదీలోపు చేరుతుందో లేదో తెలియదు. మీ ఎయిర్‌ఫీల్డుకి ఫోన్ చేశాను. ఎత్తినతను చెబుతానన్నాడు కానీ రాసుకున్నట్టు లేదు. పక్కన ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

ఇప్పుడు నిదానంగా విను. నిండా ఛార్జి ఉన్న బ్యాటరీ పన్నెండున్నర చూపిస్తుంది. డైనమో పనిచేస్తూ దానికి కరెంటు పోస్తుంటే పద్నాలుగు చూపిస్తుంది. ఈ రెంటికీ మధ్యన, పదమూడు దగ్గర దీపం పెట్టాను. కావాలనే పెట్టాను. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే అది వెలగాలి. అయిపోయిందని చెప్పడం దాని పని కాదు బావా. లోపలికి రావడం ఆగిపోయిందని చెప్పడం దాని పని. డైనమో ఆగిన క్షణాన చెబితే, బ్యాటరీలో ఉన్నదానితో దిగడానికి వ్యవధి ఉంటుంది. పదకొండు దగ్గర చెబితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. నీది కారు ఇంజిన్. కరెంటు పోతే నిప్పు పుట్టదు, నిప్పు పుట్టకపోతే ఇంజిన్ ఆగుతుంది. ఈ రోజు పద్నాలుగు చూపిస్తోందని మురిసిపోకు. చూపించని రోజు కోసమే ఆ దీపం.

ఇంకొక మాట. ఆ స్క్రూ తల మీద ఎర్రచుక్క ఒకటి ఉండాలి. కుదుపులకి స్క్రూ కదలకుండా, కదిపితే తెలిసేలా మా పనిలో రంగుచుక్క పెడతాం. ఆ రోజు నా దగ్గర రంగు లేక, అక్క లోపలికెళ్లి తన గోళ్లరంగు సీసా తెచ్చింది. నేను టార్చి పట్టుకున్నాను, తను చుక్క పెట్టింది. "ఇక దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు" అంది. నువ్వు పక్కనే ఉన్నావు. అది పగలకుండా స్క్రూ తిరగదు. ఎలా తిప్పావు బావా?

మూడో రోజు సంగతి. అక్క చివరిసారి రాసిన కార్డు నా పెట్టెలో ఉంది. కొంచెం జ్వరం, రెండు రోజుల్లో తగ్గిపోతుంది అని రాసింది. అది అందిన నాలుగో రోజున ఆఫీసు ఫోన్ మోగింది. కొండ దిగడానికి ఒక రోజు, రైలులో రెండు రోజులు. గడపలో నన్ను చూసి "వచ్చావా" అని లోపలికెళ్లిపోయావు. ఆలస్యమైందని నీకు కోపమనుకున్నాను. నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడుగుదామనుకున్నాను, అడగలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో పదిరోజులుండి పది మాటలు మాట్లాడుకోలేదు.

బావమరిది బతకకోరతాడు, దాయాది చావకోరతాడని సామెత ఉంది కదా. నన్ను దాయాదిని చెయ్యకు.

షార్టు


ఏప్రిల్ 6

బావా,

ఉత్తరం లేదు. రెండో తేదీ పోయి నాలుగు రోజులైంది. ఎయిర్‌ఫీల్డుకి మళ్లీ ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. తపాలా సంచి ఇక్కడికి వారానికి రెండుసార్లు వస్తుంది. ఈ రోజు వచ్చినదాంట్లో నాకేమీ లేదని తెలిసినా, తపాలా అతని చేత రెండుసార్లు వెతికించాను.

రెండే మాటలు రాయి. బాగున్నాను అని మాత్రం రాయకు. ఆ మాట నేనింక నమ్మను.

షార్టు


ఏప్రిల్ 8

ఒరేయ్ షార్టూ,

బతికే ఉన్నాను. ఆరు రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను.

రెండో తేదీ పొద్దున గాలి లేదు. ఎయిర్‌ఫీల్డు రేడియో దగ్గర కూర్చునే అతను నేను ఇంజిన్ వేసే ముందు వచ్చాడు. మీ బావమరిదట, ఎగరొద్దన్నాడు అని చెప్పాడు. ఎందుకట అని అడిగాను. దీపం బాగాలేదట అన్నాడు. దీపం వైపు చూశాను. వెలగడం లేదు. బాగానే ఉంది కదా అని నవ్వాను. వీడికింకా అలక తీరలేదు, పిలవలేదన్న కోపంతో అడ్డు పడుతున్నాడు అనుకున్నాను. వెలగని దీపమే మంచి దీపమనుకునే మొనగాణ్ని మరి.

ఎగిరిందిరా. మొదట అది చెప్పాలి. చక్రాల కింద చప్పుడు ఆగిపోయింది, అంతే, నేను పైన ఉన్నాను. మీ అక్క కుట్టిన గుడ్డ బిగుసుకుని నిలబడింది. ఎయిర్‌ఫీల్డు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. మీటరు చూశాను, పన్నెండు. పన్నెండు వోల్టుల బ్యాటరీ పన్నెండు చూపిస్తోంది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఇంకో చుట్టు తిరిగాను. రేడియోలో అతని గొంతు సన్నబడింది. తర్వాత వినపడలేదు. అప్పుడు వెలిగింది నీ దీపం. వెలిగిన కాసేపటికే ఇంజిన్ దగ్గడం మొదలెట్టింది. అదృష్టం కొద్దీ అప్పటికి రన్‌వే వైపు తిరిగి ఉన్నాను. చక్రాలు నేలకి తగిలాక, సగం దూరం దొర్లాక ఇంజిన్ ఆగిపోయింది. దిగి చూస్తే డైనమో తిప్పే బెల్టు తెగి వేలాడుతోంది. ఎప్పుడో నేల మీదే తెగి ఉంటుంది. నీ దీపం నువ్వు పెట్టిన చోటే ఉంటే ఇంజిన్ వేశాక కూడా ఆరేది కాదు, నేను నేల విడిచేవాణ్నే కాదు.

ఇంటికొస్తే తలుపు కింద నీ ఉత్తరం పడుంది. గుమ్మంలోనే కూర్చుని చదివాను.

ఎలా తిప్పావని అడిగావు. చెబుతాను. రోజూ సాయంత్రం షెడ్డుకెళ్లి నా సీట్లో కూర్చుని, స్విచ్ వేసి రేడియో వింటాను. పైలట్లు ఎయిర్‌ఫీల్డుతో మాట్లాడుకుంటారు. గాలి ఎటు, ఎత్తెంత, ఎవరు ముందు దిగాలి. అంతే. నాతో కాదు ఆ మాటలు. కానీ పొద్దున్నుంచి పడుకునేదాకా నా చెవిన పడే మనిషి మాట అదొక్కటే. ఏడాదిగా ఇదే పని. బ్యాటరీని నేనే పీల్చి పీల్చి చంపాను, పైకి మాత్రం పన్నెండున్నర చూపించేది. నేను కూర్చున్నంతసేపూ నీ దీపం ఆగకుండా కొట్టుకునేది. ఒకరోజు ఓర్చుకోలేక స్క్రూడ్రైవరు పెట్టి తిప్పేశాను. పెళుసుగా ఏదో విరిగింది. వేలి మీద ఎర్రపొడి చూసుకున్నాక గానీ అదేమిటో గుర్తు రాలేదు. ఆవిడ ముట్టుకోవద్దన్నది ముట్టుకున్నాను. నీకు చెప్పే ధైర్యం లేక దీపం బుద్ధిగా ఉందని రాశాను.

నీకు ముందే చెప్పకపోవడం ఆవిడ మాట మీద జరిగింది. వాడిది కొత్త ఉద్యోగం, వదిలేసి పరిగెత్తుకొస్తాడు, చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. లేచి తిరుగుతుందనే నేనూ అనుకున్నాను. గడపలో నిన్ను చూసినప్పుడు నా కోపం నీ మీద కాదు. నీకు చెప్పని నన్ను చూసి నాకే సిగ్గేసింది. ఆ సిగ్గును నీ మీద కోపంగా మార్చుకుని పద్నాలుగు నెలలు గడిపాను. మూడో రోజు అన్న మాట కొట్టేయాల్సింది. ఇప్పుడు కొట్టేస్తున్నాను.

అందరూ నన్ను గట్టివాడన్నారు. వండుకుంటున్నాడు, పని చేసుకుంటున్నాడు, నవ్వుతున్నాడు అన్నారు. నేనూ అదే నమ్మాను. లోపలికి రావడం ఆగిపోయిందని నువ్వు రాసిన వాక్యం పదిసార్లు చదివాను. అది బ్యాటరీ గురించే రాశావని తెలుసు.

ఒంటరిగా ఉందిరా. ఇది రాయడానికే ఆరు రోజులు పట్టింది.

బావ


ఏప్రిల్ 16

బావా,

నీ ఉత్తరం డ్యూటీలో ప్యానెల్ ముందు చదివాను. పుస్తకంలో ఒక గంట ఖాళీ పోయింది. నేను ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఇదే మొదటిసారి. తర్వాత ఎక్కే ఆపరేటరు చూసి, "అన్నీ పచ్చేనా" అన్నాడు. కాదన్నాను. వాడు కంగారుపడి దీపాలన్నీ లెక్కపెట్టాడు. తర్వాత నా మొహం చూసి, కూర్చుని అరగంట మాట్లాడాడు. వాడికి ఇద్దరు అక్కలట. రెండేళ్లుగా పక్కపక్కన పనిచేస్తూ ఆ సంగతి నాకు తెలియదు.

అక్క చెప్పొద్దంటే నువ్వు చెప్పలేదు. సరే. నేనైనా చెప్పేవాణ్ని కాదు, ఆవిడ ఒట్టు వేయిస్తే. తప్పు నీ ఒక్కడిదే కాదు. ఒంట్లో ఎలా ఉందో ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పరు.

చెయ్యాల్సిన పనులు రాస్తున్నాను. డైనమోకి కొత్త బెల్టు వెయ్యి. ఆ బ్యాటరీ పారేసి కొత్తది పెట్టు. ఇంజిన్ ఆపి ఉండగా దీపం వెలిగి ఆరుతూ ఉండాలి, నడిపాక ఆరాలి. అది చూసుకుని పదమూడు దగ్గర స్క్రూ ఆపు. చుక్క పెట్టు.

వచ్చే నెల పది నుంచి సెలవుంది. రమ్మని నువ్వింకా అనలేదు. రానక్కర్లేదు అన్న నీ ఉత్తరం ఒకటి నా దగ్గరుంది. ఇంకో ఉత్తరం వచ్చేదాకా మా ఆఫీసు పద్ధతి ప్రకారం అదే చెల్లుతుంది.

షార్టు


ఏప్రిల్ 24

ఒరేయ్ షార్టూ,

బెల్టు వేశాను. కొత్త బ్యాటరీ పెట్టాను. స్క్రూ పదమూడుకి తెచ్చాను.

చుక్క దగ్గరే ఆగిపోయాను. మీ అక్క సీసా వెతికి తీస్తే లోపల రంగు ఎండి రాయైపోయింది. దాన్ని జేబులో వేసుకుని బజారుకెళ్లాను. గాజులూ రిబ్బన్లూ అమ్మే దుకాణాల్లోకి నేను ఎప్పుడైనా అడుగుపెట్టానా? మూడో దుకాణంలో ఒకమ్మాయి సీసా అడుగున అంకె చూసి, అదే రంగు తీసింది. ఎవరికి తాతగారూ అంది. విమానానికి అన్నాను. నవ్వి, చేతికి రాసి చూపించమంటారా అంది. వద్దమ్మా, ఇదే రంగు, నాకు తెలుసు అన్నాను. బయటికొచ్చాక కాసేపు మెట్ల మీద కూర్చున్నాను.

చుక్క వంకరగా వచ్చింది. పట్టుకునేవాళ్లు లేక టార్చి నోట్లో పెట్టుకున్నాను. నువ్వు చూసి నవ్వుతావు.

సాయంత్రాలు ఇప్పటికీ షెడ్డులో కూర్చుంటున్నాను. దీపం కొట్టుకుంటూనే ఉంటుంది. కొట్టుకోనిస్తున్నాను. ఉన్న మాట చెప్పేదాని మీద కోపమెందుకు?

ఆ తనిఖీ అధికారికి జరిగినదంతా కాగితం మీద రాసి ఇచ్చాను. బాగా తిట్టాడు. ఇంకో నాలుగుసార్లు ఒంటరిగా తిప్పి చూపిస్తే పక్క సీట్లో మనిషిని ఎక్కించుకోవచ్చన్నాడు. నువ్వొచ్చేలోపు ఆ నాలుగూ తిప్పేస్తాను. కాబట్టి రా. ఇది రమ్మనే ఉత్తరమే, మీ ఆఫీసులో చూపించుకో. పాతది చింపెయ్. రెండో కుర్చీ నా దగ్గరుంది.

ఒక్క పని మాత్రం నీకోసం వదిలేశాను. పక్క సీటు నడుము పట్టీ మీ అక్క కొలతకే ఉంది. తనే కూర్చుని బిగించుకుంది, అప్పట్నుంచి ఎవరూ సడలించలేదు. అది నీకు చాలదు. నాలుగుసార్లు దాని దగ్గరికెళ్లి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నువ్వొచ్చి సడలించుకో.

బావ